నల్లగా వచ్చిన ఎర్ర చందమామ

"అక్కా, మీరెప్పుడూ కుదిరిన వంటలే రాస్తారు. మాడిపోయినవి ఎందుకు రాయరు?" అని ఒక చెల్లెలు అడిగింది. నిజమే సుమా. మాడిన గిన్నెను గబగబా తోమేసి బోర్లించేస్తాం గానీ, పక్కింటావిడను పిలిచి చూపిస్తామా? సరే, ఈ వారం మాడిపోయినదాని గురించే రాస్తాను. కాకపోతే అది వంట కాదు. చంద్రగ్రహణం.

2025 సెప్టెంబరు 7, ఆదివారం, భాద్రపద పౌర్ణమి. ఆ రాత్రి మన దేశమంతటా సంపూర్ణ చంద్రగ్రహణం కనిపించింది. 9 గంటల 57 నిమిషాలకు పట్టు మొదలై, 11 దాటాక చంద్రుడు పూర్తిగా ఎర్రబడి, 12 గంటల 23 నిమిషాల దాకా అట్లాగే ఉన్నాడు. మొత్తం 82 నిమిషాలు. మదనపల్లెలో మా మిద్దె మీద నుంచి నేను దాన్ని సెల్‌ఫోనుతో వీడియో తీశాను. అందులో సంపూర్ణ గ్రహణం భాగం చూస్తే ముప్పావు గంటసేపు కటిక నలుపు. వెనక కుక్కల అరుపులు, కింద నుంచి మా అత్త స్తోత్రాలు, నా దగ్గు. చందమామ మాత్రం లేడు.

నవ్వుకునే వాళ్లు నవ్వుకోండి. కానీ ఆ వీడియో నా సరదా కోసం తీసింది కాదు.

మా నాయన పుంగనూరులో తమ్ముడి దగ్గర ఉంటారు. రిటైరైన అయివారు. మా చిన్నప్పుడు ఎండాకాలం రాత్రుళ్లు మిద్దె మీద చాపలు పరిచి, మాకు చుక్కల పేర్లు చెప్పేవారు. అది కృత్తిక, అది రోహిణి, అదిగో తేలు కొండి ఎట్లా వంగిందో చూడండి అని. 1986లో హేలీ తోకచుక్క వచ్చింది కదా, మీలో నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. అప్పుడు నాకు ఆరేళ్లు. తెల్లవారుజామున నాలుగింటికి లేపి, దుప్పటి చుట్టి, భుజాన వేసుకుని మిద్దె మీదకు తీసుకుపోయారు. "అదిగో పాపా, దక్షిణం దిక్కున, పొగ మాదిరి ఉండాదే, అదే. మళ్లా 76 ఏండ్లకు గానీ రాదు. కనపడిందా?" అన్నారు. నాకు నిద్ర. ఏమీ కనపడలేదు. అంత ఆశగా అడుగుతుంటే లేదని చెప్పబుద్ధి కాలేదు. "కనపడింది నాయనా" అన్నాను.

ఆ నాయనకు ఇప్పుడు 80 దాటాయి. నీటికాసులు జబ్బు వచ్చి కుడి కన్ను పూర్తిగా పోయింది, ఎడమ కంటికి కూడా కాస్తే చూపు. మోకాళ్లు మిద్దె ఎక్కనివ్వవు. టీవీకి దగ్గరగా కుర్చీ వేసుకుంటే పెద్దగా, వెలుగుగా ఉన్న బొమ్మలు కొంచెం తెలుస్తాయి. (ఇక్కడొక మాట. ఈ జబ్బు నొప్పి లేకుండా చూపును ఓర నుంచి తినేస్తుంది. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది మాత్రం మందులతో కాపాడుకోవచ్చు. ఇంట్లో ఎవరికైనా ఉంటే, నలబై దాటిన మనం కంటి ప్రెషర్ చూపించుకోవాలి. నేను చూపించుకున్నాను.) గ్రహణం వస్తోందని రేడియోలో విని, "ఇంక మనకు అవన్నీ యాడివిలే" అన్నారు. నేను మాట ఇచ్చేశాను, వీడియో తీసుకొచ్చి టీవీలో పెద్దగా చూపిస్తానని.

మాటయితే ఇచ్చాను గానీ, ఆకాశాన్ని తీయడంలో నా గతచరిత్ర అంత గొప్పది కాదు. 2023 డిసెంబరు 13 రాత్రి కుప్పంలో అక్క వాళ్లింట్లో ఉన్నాను. ఆ రాత్రి మిథునరాశి వైపు నుంచి ఉల్కలు రాలతాయని, ముందురోజే అమావాస్య కాబట్టి చీకటి బాగుంటుందని మా అబ్బాయి చెప్పాడు. పూరీలు చేసి, చేయి తుడుచుకుని, ఫోను పిట్టగోడకు ఆనించి వీడియో పెట్టి, అక్కా నేనూ చాప మీద పడుకున్నాం. కళ్లతో పన్నెండు ఉల్కలు లెక్కపెట్టాం. ఫోనులో ఒక్కటి కూడా పడలేదు. గ్రానైటు లారీలు పోయినప్పుడల్లా తెల్లటి చారలు మాత్రం పడ్డాయి. ఆ చారలు ఎందుకో తెలుసా? నూనె చేత్తో కెమెరా కన్నును పట్టుకున్నాను. చీర చెంగుతో తుడిస్తే నూనె పోలేదు, అద్దం నిండా పాకింది. పైగా 11 దాటగానే ఫోనులో చోటు నిండిపోయి దానంతటదే ఆగిపోయింది. ఉల్కలు ఎక్కువగా రాలేది అర్ధరాత్రి దాటాకనే!

అసలు తప్పు ఇంకొకటి ఉందని తర్వాత తెలిసింది. వీడియో అంటే సెకనుకు ముప్పయి ఫోటోలు తీయడమే. ఒక్కో ఫోటోకు సెకనులో ముప్పయ్యో వంతు వెలుగే అందుతుంది. సన్నటి చుక్కకు అది చాలదు. చుక్కలు, ఉల్కలు కావాలంటే ఒక్కొక్క ఫోటోకు పది, ఇరవై సెకన్లు కెమెరా కన్ను తెరిచి ఉంచాలి. చాలా ఫోన్లలో 'నైట్' అనో 'ప్రో' అనో ఉంటుంది, అందులో కుదురుతుంది. కాకపోతే అంతసేపూ ఫోను వెంట్రుకవాసి కూడా కదలకూడదు. మీట నొక్కిన అదురు కూడా పడుతుంది కాబట్టి, నొక్కిన మూడు సెకన్లకు తీసేటట్టు టైమరు పెట్టుకోవాలి.

అందుకని 2025 ఎండాకాలం నుంచే పౌర్ణమి పౌర్ణమికీ చందమామతో అభ్యాసం మొదలుపెట్టాను. స్టాండు కొనలేదు. మదనపల్లెలో టమోటా క్రేట్లకు కొదవేముంది? ఒకటి బోర్లించి, దాని సందులో ఫోను ఇరికించేదాన్ని. మొదటి నెల చందమామ తెల్లటి దోసెలాగా వచ్చాడు. మచ్చ లేదు, కుందేలు లేదు. కారణం ఏమిటంటే చుట్టూ ఉన్న చీకటిని చూసి ఫోను వెలుగు పెంచేస్తుంది. చంద్రుడేమో ఎండలో ఉన్న రాయి, మన చీకటి ఆయనకు లేదు. తెర మీద చందమామను వేలితో నొక్కి పట్టుకుంటే తాళం గుర్తు వస్తుంది, పక్కనున్న సూర్యుడి గుర్తును కిందికి లాగాలి. లాగగానే మచ్చలు బయటపడ్డాయి. ఆ రోజు నా సంతోషం చూడాలి!

రెండో నెల జూమ్ బాగా పెంచి, ఫోను పెట్టి, పాలు తోడుపెట్టడానికి కిందికి దిగి వచ్చేసరికి ఫ్రేములో చంద్రుడు లేడు. భూమి తిరుగుతోంది కదా, రెండు నిమిషాల్లో చంద్రుడు తనంత దూరం జరిగిపోతాడు. కంటితో చూస్తే నిలకడగా ఉన్నట్టే ఉంటాడు. జూమ్ తగ్గించి, ఆయన్ను ఫ్రేములో ఓరగా పెట్టి, నడవడానికి ముందు దారి వదలాలన్నది అట్లా తెలిసింది. ఇంకో నెల రికార్డు అవుతుంటే మా ఆడబిడ్డ ఫోన్ చేసింది, వీడియో ఆగిపోయింది. కాల్స్ రాకుండా 'ఫ్లైట్' మోడ్‌లో పెట్టాలని రాసుకున్నాను. పాలలెక్క పుస్తకం వెనక పేజీల్లో ఇవన్నీ వరసగా రాసుకున్నాను: నూనె చెయ్యి వద్దు, చోటు ఖాళీ చెయ్యి, వెలుగు తగ్గించి తాళం వెయ్యి, ముట్టుకోవద్దు.

గ్రహణం రోజు వచ్చింది. తిరుమల గుడి తలుపులు కూడా మధ్యాహ్నమే మూసేశారు. మా అత్త పొద్దుగూకకముందే అందరి చేతా అన్నాలు తినిపించి, పాల గిన్నె మీద, ఊరగాయ జాడీల మీద దర్భలు వేసి, "నువ్వు గ్రహణంలో మిద్దె మీదేంది?" అన్నారు. చంద్రగ్రహణాన్ని వట్టి కళ్లతో ఎంతసేపు చూసినా కంటికి ఏమీ కాదు, సూర్యగ్రహణాన్నే తగిన అద్దాలు లేకుండా చూడకూడదు అని చెప్పాను. "నీ ఇష్టం, దిగినాక స్నానం చేసి వంటింట్లోకి రా" అన్నారు. సరేనన్నాను. అత్తతో తగాదా పెట్టుకునే రాత్రి కాదది.

9 గంటలకే వెలుగు తగ్గించి తాళం వేశాను. పట్టు మొదలైనప్పుడు ఎంత చక్కగా వచ్చిందనుకున్నారు! ఎడమ అంచున కొరికిన అప్పచ్చిలాగా నలుపు, అటువైపు మచ్చలన్నీ స్పష్టంగా. పావుగంటకు రెండు నిమిషాల చొప్పున ముక్కలు తీశాను. మధ్యమధ్య మబ్బులు వచ్చి పోతున్నాయి. 11కు సంపూర్ణం మొదలవగానే ఆపకుండా రికార్డు పెట్టేశాను. చంద్రుడు అప్పటికి నడినెత్తికి దగ్గరగా వచ్చేశాడు. ఫోను కన్ను ఆకాశం వైపు, తెర నేలవైపు. చూడాలంటే క్రేటు కింద తల దూర్చాలి. ముట్టుకోవద్దు అని పుస్తకంలో నేనే రాసుకున్నానుగా. దూరంగా కూర్చుని కళ్లతోనే చూస్తూ ఉండిపోయాను.

11 ముప్పావుకు మా ఆయన ఫోనుకు నాయన కాల్ చేశారు. "ఎట్లుండాది పాపా?" అన్నారు. "తోమని రాగిచెంబు మాదిరి ఉంది నాయనా. ఓరన కొంచెం వెలుగు, మధ్యలో ముదురెరుపు" అన్నాను. "అంత మసకగా ఉండాదా? మరి నీ ఫోనుకు అందుతా ఉండాదా?" అన్నారు. అయివారు కదా! అప్పుడు దిగ్గున లేచి క్రేటు కింద తల పెట్టి చూస్తే తెర నల్లగా ఉంది.

ఏం జరిగిందో మీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. నిండు చంద్రుడికి సరిపోయేటట్టు తగ్గించి తాళం వేసిన వెలుగు అది. సంపూర్ణ గ్రహణంలో చంద్రుడి వెలుగు కొన్ని వేల రెట్లు పడిపోతుంది. సూర్యుడి వెలుగు నేరుగా అందదు. భూమి చుట్టూ ఉన్న గాలిపొరలోంచి వంగి వచ్చిన ఎర్రటి వెలుగు మాత్రమే ఆయన మీద పడుతుంది. మనకు సాయంత్రం పడమట కనిపించే ఎరుపే అది కూడా. ఆ కాస్త వెలుగు నా ఫోనుకు చాలలేదు. వేసవి నుంచి కష్టపడి నేర్చుకున్న పాఠమే నన్ను ముంచింది. చెనక్కాయల పొడి ఒకసారి మాడిందని సన్నమంట అలవాటు చేసుకున్న మనిషి, పూరీలూ సన్నమంట మీదే వేసిందనుకోండి, నూనె తాగి కూర్చుంటాయి కదా. అట్లా అయింది నా పని.

తాళం తీసి వెలుగు పెంచాను. ఈసారి ఫోకస్ నిలవదు. అంత మసకలో ఫోను దేన్ని పట్టుకోవాలో తెలియక, ముందుకూ వెనక్కూ పోతూ చంద్రుణ్ణి బూరెలాగా ఉబ్బిస్తుంది, మళ్లీ చిన్నది చేస్తుంది. మబ్బు ఇంకొకటి అడ్డం వచ్చింది. చివరికి దక్కింది ఏడు నిమిషాల ఎర్రటి అలుకుడు.

తర్వాతి ఆదివారం బస్సెక్కి పుంగనూరు పోయాను. తమ్ముడు ఫోనును టీవీకి కలిపాడు. నాయన కుర్చీని టీవీకి మూరెడు దూరానికి లాక్కున్నారు. మొదట కొరికిన చంద్రుడు వచ్చాడు. "ఆ, ఇది తెలస్తా ఉండాది, తెల్లగా" అన్నారు, వేలితో గాలిలో ఆ వంపు గీస్తూ. తర్వాత ఎరుపు పెట్టాను. కాసేపు చూశారు. తల కొంచెం పక్కకు వంచి, ఉన్న చూపులోకి తెచ్చుకోవడానికి చూశారు. "కనపడింది పాపా" అన్నారు.

ఆ గొంతు నాకు తెలుసు. 1986లో దుప్పట్లోంచి వచ్చిన గొంతు అది.

టీవీ ఆపేశాను. "నాయనా, ఆ పొద్దు నాకు తోకచుక్క కనపడలేదు" అన్నాను. నలబై ఏళ్లుగా ఎవరికీ చెప్పని మాట. ఆయన నవ్వారు. "తెలుసులే. నేను దక్షిణం చూపిస్తే నువ్వు రైసుమిల్లు లైటును చూస్తా ఉంటివి" అన్నారు. తర్వాత కొంచెంసేపు ఆగి, "నాకూ ఇది కనపడలే. ఎర్రగా ఏందో కదలతా ఉండాది, అంతే. ఏమేం తప్పు చేసినావో ఆ పుస్తకం తీసి చదువు" అన్నారు. చదివాను. అయివారి ముందు కాంపోజిషన్ చదివినట్టు.

"ముట్టుకోవద్దు అని రాసినావు. ఎప్పుడు ముట్టుకోకూడదో రాయలే" అన్నారు. అంతే, ఒక్క వాక్యం. ప్రతి పాఠం పక్కన 'ఎప్పుడు' అని ఒక గడి గీయించారు. వెలుగు తగ్గించు: ఎప్పుడు? నిండు చంద్రుడికి, సగం పట్టిందాకా. పెంచు: ఎప్పుడు? సంపూర్ణం మొదలవడానికి ముందు నుంచే, కొంచెం కొంచెంగా. చూసుకో: పది నిమిషాలకొకసారి. క్రేటు కింద చిన్న అద్దం పెట్టుకుంటే ముట్టకుండానే తెర కనపడుతుంది. ఈ అద్దం ఉపాయం కూడా నాయనదే.

దసరా సెలవుల్లో అక్కా నేనూ కావలూరు పోయినాం. కుప్పం దాటితే తమిళనాడే. వాణియంబాడి, ఆలంగాయం మీదుగా జవ్వాది కొండలెక్కితే చెట్ల మధ్య తెల్లటి గుండ్రటి డోము. హైదరాబాదులో పెరిగిన వేణు బప్పు గారు కట్టించిన నక్షత్రశాల అది. అందులోని 2.34 మీటర్ల టెలిస్కోపు ఆయన పోయాక, 1986 జనవరిలో మొదలైంది. హేలీ వచ్చిన ఏడే! ఆయన పేరే దానికి పెట్టారు. ఆయన తండ్రి హైదరాబాదు నిజామియా అబ్జర్వేటరీలో పనిచేశారు. ఈయన అమెరికాలో హార్వర్డ్‌లో చదువుకుంటూ 1949 జులైలో, రోజువారీగా ఆకాశం ఫోటోలు తీస్తుంటే, ఒక పలక మీద కొత్త తోకచుక్క పడింది. ఇంకో ఇద్దరితో కలిపి దానికి ఆయన పేరు కూడా పెట్టారు.

నన్ను పట్టుకున్నది అది కాదు. ఆ రోజుల్లో ఫోటోలు గాజు పలకల మీద కదా. దుమ్ము పడినా, పైన పూసిన మందులో లోపమున్నా చుక్కలాగానే కనిపించేది. దేశదేశాల నక్షత్రశాలలు కలిసి ఆకాశానికి పటం గీసినప్పుడు (మన నిజామియా కూడా ఆ పనిలో పాలుపంచుకుని లక్షల నక్షత్రాల లెక్క తేల్చింది), చాలాచోట్ల ఒకే పలకను మూడుసార్లు, ప్రతిసారీ వెంట్రుకవాసి జరిపి తీసేవారట. నిజమైన నక్షత్రమైతే మూడు చుక్కలు చిన్న త్రికోణంగా పడతాయి. దుమ్మయితే ఒక్కటే. తప్పు పడి తీరుతుందని ముందే ఒప్పుకుని, దాన్ని పట్టుకునే ఉపాయం పలకలోనే పెట్టారన్నమాట! నేను మాత్రం ఒక్క ఫోను, ఒక్క క్రేటు, ఒక్క కొలత పెట్టుకుని, కుదిరి తీరుతుందనుకున్నాను. ఈసారి రెండు ఫోన్లు. ఒకటి తక్కువ వెలుగులో, ఒకటి ఎక్కువ వెలుగులో. మా అబ్బాయి ఫోను ఇస్తానన్నాడు, తన గేములు చెరపకూడదన్న షరతు మీద.

ఈసారి అంటే ఎప్పుడు? 2026 మార్చి 3 నాటి గ్రహణంలో మనవైపు చంద్రుడు పైకి వచ్చేసరికే సంపూర్ణం అయిపోతుంది, చివరి ముక్కే మన వాటా. మొదటి నుంచి చివరిదాకా మన ఆకాశంలో జరిగే సంపూర్ణ గ్రహణం 2028 డిసెంబరు 31 రాత్రి. పది గంటలు దాటాక నడిగ్రహణం, కొత్త సంవత్సరం కేకుల వేళకు మెల్లగా విడుస్తుంది. నాయనతో చెప్పాను. వేళ్ల మీద లెక్కపెట్టుకుని, "టీవీ ఇంకా కొంచెం పెద్దది తీసుకోమను మీ తమ్మున్ని" అన్నారు. డాక్టరమ్మ చుక్కల మందు రెండు పూటలా తప్పకుండా వేయమంది. మరదలు గోడ మీద గీతలు పెట్టి వేస్తోంది.

అంతదాకా అభ్యాసానికి ఎర్ర చంద్రుడు యాడ దొరుకుతాడు? పూజగది పక్కన సామాను గదిలో కిటికీలు మూసి, జీరో బల్బు దూరంగా పెట్టి, స్టూలు మీద రాగిచెంబు ఉంచి దాన్ని తీస్తున్నాను. చీకట్లో ఫోకస్‌ను చేత్తో తిప్పి నిలపడం ఇప్పుడిప్పుడే వస్తోంది. నిన్న మా అత్త ఆ చెంబు తీసి పెరట్లోకి తీసుకుపోతుంటే పరుగెత్తుకుంటూ వెళ్లి ఆపాను.

"చింతపండు పెట్టి తోమి ఎన్నాళ్లయింది, నల్లబడి పోలా?" అన్నారు.

"దాన్ని మాత్రం తోమొద్దత్తా, 2028 దాకా" అన్నాను.